గప్పీల పొట్టలో ఎర్ర పురుగులు: అమ్మేసిన చేపల సంగతి చెప్పాలా?

ప్రశ్న

భీమవరం దగ్గర ఒక ఊరి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులు ఇస్తున్నాం.

ఆవిడకు 34 ఏళ్ళు. భర్త, పదేళ్ళ పాప, అత్తగారు కలిసే ఉంటారు. పాప ముచ్చట పడిందని కొన్న గప్పీలు, అంటే తొట్టెల్లో పెంచుకునే చిన్న రంగు చేపలు, పెరిగి పెరిగి, ఇప్పుడు మేడ మీద పది పన్నెండు టబ్బులయ్యాయి. దగ్గర్లోని టౌన్లో అక్వేరియం షాపుకు నెలనెలా చేపలు ఇస్తారు. వాట్సాప్‌లో అడిగినవాళ్ళకు జతల లెక్కన అమ్ముతారు. పాప స్కూలు వ్యాను ఫీజు ఆ డబ్బుతోనే కడతారు. "నా చేతి మీదుగా వచ్చే డబ్బు అదొక్కటే" అని రాశారు.

రెండు నెలల కిందట బయటి నుంచి ఒక కొత్త రకం గప్పీలు తెప్పించుకున్నారు. వాటిని విడిగా ఉంచకుండా వచ్చిన రోజే తన ఆడచేపలతో కలిపారు. కొన్నాళ్ళకు చేపలు సన్నబడటం, మేత ముందుకు రాకపోవటం, ఒకటీ అరా చచ్చిపోవటం మొదలైంది. ఈ మధ్య నీళ్ళు మారుస్తుంటే ఒక ఆడచేప మలద్వారం దగ్గర ఎర్రటి దారపు పోగుల్లాంటివి నాలుగైదు బయటికి వచ్చి కనిపించాయి. చేప కదలగానే లోపలికి పోయాయి. "ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు" అన్నారు. ఇప్పుడు మూడు టబ్బుల్లో అలాంటి చేపలు కనిపిస్తున్నాయట.

సలహాలకు మాత్రం కొదవ లేదు. షాపు ఆయన కళ్ళుప్పు, మిథిలిన్ బ్లూ వేయమన్నారు. చేపల చెరువుల మీద పనిచేసే మరిది, చేపలకు పట్టే పేనుకు వాడే మందు సీసా తెచ్చి ఇచ్చాడు. పక్కింటావిడ, బళ్ళో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర నలిపి నీళ్ళలో కలపమంది. భర్త మాట ఇంకోలా ఉంది: "పైకి బాగున్నవి ఈ వారమే షాపుకు ఇచ్చెయ్. మిగతావి కాలవలో వదిలేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు." అత్తగారేమో ప్రాణాలు తీయొద్దంటున్నారు. ఆ పురుగులు పాపకు అంటుకుంటాయని పిల్లను మేడ ఎక్కనివ్వటం లేదు.

ఆవిడను ఎక్కువగా బాధపెడుతున్నది వేరే. కొత్త చేపలు వచ్చాక రెండుసార్లు షాపుకు చేపలు ఇచ్చారు. వాట్సాప్‌లో కొందరికి అమ్మారు. పాప క్లాస్ టీచరుగారికి ఒక జత బహుమతిగా కూడా ఇచ్చారు. "వాళ్ళందరికీ చెప్పాలా? చెబితే ఇక నా దగ్గర ఎవరైనా కొంటారా? చెప్పకపోతే టీచరుగారి మొహం ఎలా చూడను? వీటికి అసలు మందు ఉందా?" అని అడిగారు.

సమాధానం

మరిది ఇచ్చిన సీసా ఇంకా మూత తీయలేదని రాశారు. దాన్ని అలాగే వెనక్కి ఇచ్చేయండి. చేపల చెరువుల్లో పేనుకు వాడేవి ఎక్కువగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు. ఎకరాల లెక్కన ఉన్న నీటికి కొలిచి వేసేవి. టబ్బు నీళ్ళలో రెండు చుక్కలు ఎక్కువైతే తెల్లారేసరికి అన్నీ తేలిపోతాయి. పైగా పేను చేప ఒంటి మీద ఉంటుంది, మీ చేపలకున్నది పేగులో. మీ మరిది సాయం చేద్దామనే తెచ్చాడు, కాకపోతే ఆ మందు ఈ రోగానికి కాదు.

మీరు రాసిన గుర్తులను బట్టి ఇవి కమలానస్ అనే గుండ్రటి పురుగులు, అంటే దారంలా సన్నగా ఉండే రౌండ్‌వార్మ్ రకం. గప్పీలు, ప్లాటీలు, మోలీలు, అంటే పిల్లల్ని పెట్టే రకాల చేపల్లో ఇవి తరచు కనిపిస్తాయి. నోటితో పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. ఆ ఎరుపు అందుకే. బయటికి కనిపించేవి బాగా ఎదిగిన ఆడపురుగుల తోకలు. అవి అంత పెద్దవి కావటానికి వారాలు పడుతుంది. కాబట్టి మీరు చూసిన రోజుకే రోగం పాతది. దారం కనిపించని టబ్బుల్లో రోగం లేదని అనుకోకండి.

అయినా మందు కొనేముందు ఒక్కసారి సరిచూసుకోండి. రంగు పెంచే ఎర్ర మేత పెట్టినప్పుడు మలం కూడా ఎర్రగా వేలాడుతుంది. ఒక రోజు మేత ఆపి, మర్నాడు అనుమానం ఉన్న చేపను గాజు సీసాలో వేసి పక్క నుంచి సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూడండి. మలమైతే ఒక్కటే పోగుగా, మెత్తగా వేలాడి కాసేపటికి తెగి పడిపోతుంది. పురుగులైతే చిన్న కుంచె వెంట్రుకల్లా రెండు మూడు పోగులు విడివిడిగా, కాస్త బిరుసుగా నిలబడి ఉంటాయి. చేప కదలకుండా నిలిచినప్పుడు బయటికి వస్తాయి, తోక ఆడించగానే లోపలికి జారుకుంటాయి. మీరు సరిగ్గా ఇదే రాశారు కాబట్టి నాకు పెద్దగా అనుమానం లేదు. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే భీమవరంలో ఆక్వా ల్యాబులు ఉన్నాయి కదా, అప్పుడే చనిపోయిన చేపను తీసుకెళ్తే పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద చూసి చెబుతారు. ఈ పురుగులు మామూలు కంటికే కనిపిస్తాయి కాబట్టి వాళ్ళకు నిమిషాల పని.

పట్టకారుతో లాగేద్దామని మాత్రం అనుకోకండి. పురుగు పేగు గోడను గట్టిగా పట్టుకుని ఉంటుంది. లాగితే దానితో పాటు పేగూ చిరుగుతుంది.

ఇక మందు. ఉప్పు, మిథిలిన్ బ్లూ చేప ఒంటి మీద పనిచేసేవి. బూజుకు, కొన్ని రకాల తెల్ల మచ్చలకు పనికొస్తాయి గానీ పేగులో పురుగు జోలికి పోవు. నులిపురుగుల మాత్ర అల్బెండజోల్. అది నీళ్ళలో సరిగా కరగదు, అడుగున తెల్లగా పేరుకుంటుంది. అయితే పక్కింటావిడ మాటలో పట్టుకోవలసినది ఒకటుంది. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్ళలో ఆ మాత్ర ఇచ్చేటప్పుడు ఏ పిల్లకు పురుగులున్నాయి, ఏ పిల్లకు లేవు అని చూడరు. అందరికీ ఒకేసారి ఇస్తారు. మీ టబ్బులకూ అదే పద్ధతి కావాలి. పురుగు కనిపించిన మూడు టబ్బులకే మందు వేసి మిగతావి వదిలేస్తే, మీరు వాడే ఒకే వల, ఒకే మగ్గు, ఒకే పైపు ద్వారా నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ పురుగులకు బాగా పనిచేసే మందు లెవామిసోల్. పురుగుకు పక్షవాతం వచ్చినట్టు చేస్తుంది, దాంతో పేగు మీద పట్టు వదిలి మలంతో బయటికి వచ్చేస్తుంది. మామూలుగా లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు, 24 గంటలు. అంటే 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి 75 లీటర్లకు సరిపోతుంది. టబ్బులో ఎన్ని లీటర్లు పడతాయో కళ్ళతో అంచనా వేయకండి. కొలత గీతలున్న బకెట్‌తో నింపుతూ లెక్కపెట్టి, టబ్బు మీద మార్కర్‌తో రాసుకోండి. ఈ పని ఒక్కసారి చేసుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

మందు కొనే దగ్గరే పెద్ద ప్రమాదం ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. పశువుల మందుల షాపులో లెవామిసోల్ అడిగితే చాలాసార్లు ఆక్సీక్లోజనైడ్ కలిసిన మందు చేతిలో పెడతారు. గేదెలకు, గొర్రెలకు కాలేయం జలగలకూ పురుగులకూ కలిపి వాడే మందు అది. ఆక్సీక్లోజనైడ్ చేపలకు విషం. అట్ట మీద లెవామిసోల్ హైడ్రోక్లోరైడ్ ఒక్కటే ఉండాలి, పక్కన ఇంకో పేరు కనిపిస్తే తీసుకోవద్దు. ఐవర్‌మెక్టిన్ ఇస్తామన్నా వద్దనండి. చేపల విషయంలో దాని మందు మోతాదుకూ విషం మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ప్రాజిక్వాంటెల్ అనే ఇంకో మందు వాడమని కూడా కొందరు అంటారు. అది బద్దెపురుగులకు, మొప్పల మీది జలగల్లాంటి వాటికి మంచి మందే, ఈ గుండ్రటి పురుగులకు మాత్రం పనిచేయదు. మీ మండలంలోని పశువైద్యశాలకు వెళ్ళి డాక్టరుగారికి విషయం చెప్పి, మందు పేరు రాయించుకుని కొనటం అన్నిటికన్నా మంచిది. చేపలకని చెప్పటానికి మొహమాటపడకండి. మీ జిల్లాలో ఆ మాట వాళ్ళకు కొత్తేమీ కాదు.

వేసే పద్ధతి ఇలా. ఆ రోజు మేత పెట్టకండి. సాయంత్రం అడుగున చెత్తంతా పైపుతో లాగేసి, సగం నీళ్ళు మార్చండి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి. మందును మగ్గు నీళ్ళలో బాగా కరిగించి టబ్బంతా చుట్టూ పోయండి. గాలి పంపు ఆపకండి. వెలుతురుకు ఈ మందు బలం తగ్గుతుంది, మీవి మేడ మీద టబ్బులు కాబట్టి గాలి ఆడేలా కాస్త సందు వదిలి గోనెసంచో పాత దుప్పటో కప్పండి. మర్నాడు సాయంత్రం అడుగు మళ్ళీ శుభ్రంగా లాగేసి, ముప్పావు వంతు దాకా నీళ్ళు మార్చండి. ఈ రెండోసారి శుభ్రం చేయటం చాలామంది బద్ధకిస్తారు. పురుగులు చచ్చి కాదు, చచ్చుబడి పడతాయి. వాటి కడుపులో పిల్లలుంటాయి. అడుగున వదిలేస్తే చేపలు వాటిని తింటాయి. మీ టబ్బుల్లో ఇసుక, రాళ్ళు లేవని రాశారు. ఈ పనికి అది పెద్ద అదృష్టం.

రెండు మూడు వారాల తర్వాత ఇదంతా మళ్ళీ చేయాలి. మొదటిసారి తప్పించుకున్న పిల్లపురుగులు అప్పటికి ఎదిగి మందుకు లొంగుతాయి. రెండోసారి తర్వాత కూడా ఎక్కడైనా ఎర్ర పోగు కనిపిస్తే మూడోసారి. చివరి మోతాదు తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు చూసి, కొత్తగా ఏ చేపా సన్నబడకపోతే అప్పుడు అమ్మకాల గురించి ఆలోచించవచ్చు. మొత్తం రెండు నెలలు అనుకోండి.

లెవామిసోల్ దొరక్కపోతే ఫెన్‌బెండజోల్ ఉంది. అది నీళ్ళలో కరగదు కాబట్టి మేతలో కలిపి పెట్టాలి. 100 గ్రాముల మేతకు 250 మిల్లీగ్రాముల లెక్కన, మూడు రోజులు, మళ్ళీ రెండు మూడు వారాలకు. దీనితో రెండు ఇబ్బందులు. బాగా జబ్బు చేసిన చేప మేతే తినదు, ఇక మందు ఎక్కడ తింటుంది? టబ్బుల్లో నత్తలుంటే కొన్ని రకాలు ఈ మందుకు చచ్చిపోవచ్చు. అందుకే నా ఓటు లెవామిసోల్‌కే.

మందు పనిచేసినా కొన్ని చేపలు పోతాయి, దానికి సిద్ధపడండి. పురుగు వదిలిన చోట పేగుకు పుండు మిగులుతుంది. వెన్ను వంగిపోయి, పొట్ట లోపలికి పోయిన చేప పురుగులు పడిపోయినా కోలుకోవటం కష్టం.

ఇక ఇంట్లో నలుగురి నాలుగు మాటల సంగతి.

మీ భర్త చెప్పినదాంట్లో రెండు పనులున్నాయి. కాలవలో వదలటం ఒకటి, షాపుకు ఇచ్చేయటం ఒకటి. కాలవ విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను, ఆ పని చేయకండి. మన డెల్టాలో కాలవ నీళ్ళే చేపల చెరువులకు, ఊరి మంచినీళ్ళ చెరువులకు వెళ్తాయి. గప్పీ మొండి చేప, మురుగులోనూ బతుకుతుంది. దోమల కోసం కాలవల్లో, గుంటల్లో వదిలేదీ అందుకే. దానితో పాటు పురుగూ బతుకుతుంది. హవాయి దీవుల్లో ఇదే జరిగింది. బయటి నుంచి తెచ్చి వదిలిన గప్పీ జాతి చేపలతో ఈ పురుగు అక్కడి వాగుల్లోకి చేరి, ఆ వాగుల్లో మాత్రమే ఉండే చేపలకు పట్టుకుంది. ఒకసారి పారే నీళ్ళలోకి పోయాక దాన్ని వెనక్కి తీసేవాళ్ళు ఎవరూ లేరు. మందు వేశాక మీరు తీసే నీళ్ళు కూడా కాలవలో కలిసే డ్రెయిన్‌లో పోయకండి. పెరట్లో ఎండ బాగా తగిలే ఒట్టి నేల మీద పోస్తే చాలు, ఆకుకూర మడుల్లో వద్దు.

షాపుకు ఇవ్వటం గురించి కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. మీ భర్త చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. మీరు కష్టపడి నిలబెట్టుకున్నది పోతుందేమోనని ఆయన భయం. పైగా ఆయన లెక్కలో కొంత నిజం కూడా ఉంది. షాపుకు చేపలు నాలుగు చోట్ల నుంచి వస్తాయి. రేపు అక్కడ ఎర్ర పోగులు కనిపించినా అవి మీ చేపల నుంచే వచ్చాయని ఎవరూ తేల్చలేకపోవచ్చు. మీరు నోరు విప్పకపోతే ఈ విషయం ఎప్పటికీ బయటపడకపోవచ్చు. అంటే ఇక్కడ ప్రశ్న దొరికిపోతామా లేదా అని కాదు. పైకి బాగున్న ఆ చేపల్లో ఏముందో ఇప్పుడు మీకు తెలుసు. నిన్నటి వరకు తెలియక ఇచ్చారు, రేపు ఇస్తే తెలిసి ఇచ్చినట్టు. ఈ తేడా మీకు నిద్ర పట్టనివ్వటం లేదని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. కొత్తగా ఒక్క చేప కూడా బయటికి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇప్పటికే ఇచ్చిన వాటి గురించి మూడు దారులున్నాయి.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుని, మీ టబ్బులు మాత్రం బాగుచేసుకోవచ్చు. డబ్బు, మాట రెండూ ప్రస్తుతానికి నిలబడతాయి. కానీ షాపులో ఒక తొట్టి నీళ్ళు ఇంకో తొట్టికి, ఒక వల అన్నిటికీ తిరుగుతాయి. అక్కడ కొన్నవాళ్ళ ఇళ్ళలో చేపలు ఎందుకు పోతున్నాయో తెలియక వాళ్ళూ మీలాగే కళ్ళుప్పు వేసుకుంటూ కూర్చుంటారు. ఇంకోటి, రేపు మీరు ఆ షాపు నుంచే ఒక చేప తెచ్చుకుంటే అదే పురుగు మీ మేడ ఎక్కుతుంది.

రెండోది, తెలిసినవాళ్ళకు, అంటే టీచరుగారికీ వాట్సాప్‌లో కొన్నవాళ్ళకూ చెప్పి, షాపు ఆయనకు చెప్పకపోవటం. చాలామంది ఇలాగే చేస్తారు. కానీ చిన్న ఊళ్ళో ఆ కబురు ఎలాగూ షాపుకు చేరుతుంది. మీ నోటి నుంచి కాకుండా ఇంకొకరి నోటి నుంచి వింటే ఆయనకు వచ్చే కోపం వేరుగా ఉంటుంది.

మూడోది, అందరికీ చెప్పటం. నేనైతే దీని వైపే మొగ్గుతాను. దీనికీ ఖర్చుంది. షాపు ఆయన డబ్బు వెనక్కి అడగవచ్చు, కొన్నాళ్ళు మీ దగ్గర తీసుకోకపోవచ్చు. కొందరు వాట్సాప్‌లో కటువుగా మాట్లాడతారు. కానీ ఈ వ్యాపారంలో రోగం వచ్చిందని తనంతట తాను ఫోన్ చేసి చెప్పే మనిషి అరుదు. అలాంటి మనిషి దగ్గర కొన్నవాళ్ళు మళ్ళీ అక్కడికే వస్తారు. మళ్ళీ వస్తారని హామీ ఇవ్వలేను, వచ్చే అవకాశం మాత్రం చెప్పినవాళ్ళకే ఎక్కువ.

చెప్పేటప్పుడు సంజాయిషీలు పొడిగించకండి. ఇలా నాలుగు ముక్కలు చాలు: "మా టబ్బుల్లో గప్పీలకు పేగు పురుగులు కనిపించాయి. ఫలానా తేదీ తర్వాత మీకు ఇచ్చిన వాటిలోనూ ఉండవచ్చు. మలద్వారం దగ్గర ఎర్ర పోగులు కనిపిస్తాయేమో చూడండి. కనిపించకపోయినా మందు వేయటం మంచిది. మందు, కొలత నేను చెబుతాను. అప్పటివరకు ఆ చేపల్ని, ఆ నీళ్ళను వేరే తొట్టిలో కలపకండి." టీచరుగారికి ఇచ్చింది ఒక్క జతే కదా. మందు తీసుకుని మీరే వెళ్ళి వేసి రండి. పాపను ఆవిడ ఎలా చూస్తారోనని భయపడుతున్నారు. చిన్న గాజు తొట్టి కోసం ఇంటిదాకా వచ్చిన తల్లిని ఏ టీచరూ తక్కువగా చూడదు. షాపు ఆయన దగ్గరికి మాత్రం మీ భర్తతో కలిసి వెళ్ళండి. మీ భర్త భయం కూడా ఆ మాటలు జరిగే చోటే తగ్గుతుంది.

మీకు ఆ కొత్త గప్పీలు పంపినవాళ్ళకు కూడా ఒక మెసేజ్ పెట్టండి. నింద వద్దు, విషయం చెప్పండి. వాళ్ళకూ తెలియకపోయి ఉండవచ్చు.

మేడ మీదున్న చేపల్ని ఏం చేయాలన్నది మీ ఓపిక మీద, డబ్బు మీద ఆధారపడుతుంది. అన్ని టబ్బులకూ మందు వేయటం ఒక పద్ధతి. ఇందులో పని ఎక్కువ, చేపలు ఎక్కువ మిగులుతాయి. మీరు ఏళ్ళుగా ఏరి ఏరి నిలబెట్టిన రంగులు ఉండి ఉంటే ఇదే చేయండి. రెండోది, ప్రతి రకంలో మంచి జతలు కొన్ని ఉంచుకుని నాలుగైదు టబ్బులకు కుదించుకోవటం. మందు తక్కువ పడుతుంది, చూసుకోవటం తేలిక. మిగతా టబ్బులు కడిగి నాలుగైదు రోజులు ఎర్రటి ఎండలో బోర్లించి ఎండబెట్టండి. పూర్తిగా ఎండితే ఈ పురుగు పిల్లలు బతకవు. వలలు, పైపులు కూడా అంతే. రెండు నెలలు ఆదాయం లేకుండా అన్ని టబ్బులకూ మేత కొనటం బరువైతే నాకు ఈ రెండోదే నయమనిపిస్తుంది. అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టటం మూడోది. శుభ్రంగా అయిపోతుంది గానీ, మందుకు లొంగే రోగానికి అది అవసరం లేదనుకుంటాను.

కానీ కుదించుకోవాలంటే కొన్నిటిని తీసేయాలి. ఇక్కడ అత్తగారి మాట అడ్డొస్తుంది. పెద్దావిడ నమ్మకాన్ని నేను తీసిపారేయను. పైకి బాగున్న చేపను చంపాల్సిన పని లేదు, వాటన్నిటినీ ఒకే టబ్బులో వేసి మందు వేసి, అమ్మకుండా, పిల్లలు పెట్టినా బయటికి ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. కానీ మీరు రాసిన ఆ ముసలి ఆడచేప, వెన్ను వంగి, పక్కకు ఒరిగి, టబ్బు మూలన మొప్పలు మాత్రం ఆడిస్తూ పడి ఉందన్నారు చూడండి, దాన్ని అలా రోజుల తరబడి ఉంచటం కూడా హింసే. మందుల షాపులో దొరికే లవంగ నూనెను కొద్దిగా గోరువెచ్చని నీళ్ళున్న సీసాలో వేసి బాగా గిలకొట్టండి. చేపను దాని టబ్బు నీళ్ళతోనే ఒక గిన్నెలోకి తీసుకుని, ఆ కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. ముందు మత్తు వచ్చి ఒరిగిపోతుంది. కదలిక ఆగాక ఇంకా కలిపి, మొప్పల ఆట పూర్తిగా నిలిచాక కూడా అరగంట అలాగే వదిలేయండి. తర్వాత మట్టిలో పూడ్చండి. నొప్పి తెలియకుండా పోతుందని అత్తగారికి ముందుగా చెప్పండి, చెప్పకుండా చేయకండి.

మేత సంగతి కూడా చూసుకోవాలి. చెరువు గట్టున గుడ్డతో వడకట్టి తెచ్చే పురుగుల మేత పెడుతుంటారని రాశారు. అందులో సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు ఉంటుంది. కమలానస్ పిల్లలు ఆ సైక్లాప్స్‌లో చేరి, దాన్ని తిన్న చేపలో పెరుగుతాయి. ఈ రకం పురుగు సైక్లాప్స్ లేకపోయినా చేప నుంచి చేపకు సూటిగా అంటుకోగలదు. అందుకే మీ టబ్బుల్లో ఇంత తొందరగా పాకింది. ఇకనుంచి ప్రాణమున్న మేత కావాలంటే ఆర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి జీవి గుడ్లు కొనుక్కుని ఇంట్లో పొదిగించుకోండి. ఆక్వా షాపుల్లో అడిగితే దొరుకుతాయి. కొత్త చేపలు వస్తే ఆరు వారాలు విడి టబ్బు, విడి వల. పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఆ ఆరు వారాల్లో రెండుసార్లు లెవామిసోల్ వేయటం మంచిది.

చివరగా పాప గురించి అత్తగారి భయం. ఆవిడ వయసువాళ్ళు నారికురుపు అన్న మాట వినే ఉంటారు, కాలిలోంచి పొడుగ్గా దారంలాంటి పురుగు బయటికి వచ్చే ఆ జబ్బు మన రాష్ట్రంలోనూ ఉండేది. ఆ పురుగుకు, చేపల్లోని ఈ పురుగుకు చుట్టరికం ఉంది, అదీ సైక్లాప్స్ ద్వారానే వచ్చేది. కాబట్టి ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ నారికురుపు దేశంలో లేదని 2000లోనే ప్రకటించారు. చేపల్లోని ఈ కమలానస్ మనుషుల పేగులో బతికే పురుగు కాదు. ఈ రెండు మాటలూ అత్తగారిని కూర్చోబెట్టి చెప్పండి. పాపను మేడ ఎక్కనివ్వవచ్చు. చేతికి పుండు, గీత ఉన్న రోజు మాత్రం పాపైనా మీరైనా టబ్బులో చెయ్యి పెట్టకండి, తొట్టి నీళ్ళలో చర్మానికి పట్టే వేరే సూక్ష్మజీవులు ఉంటాయి. మామూలు రోజుల్లో పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పైపు నీళ్ళు నోటితో పీల్చి లాగే అలవాటు ఉంటే మానేసి, చేతితో నొక్కే పంపు ఒకటి కొనుక్కోండి.